ఆమె ఊళ్ళో లేని వారం

ఆకాశంలో లేచిన అలని ఈ కుడిచేత్తో ఆపిన మనిషిని నేను. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, ముందు ముందు అంత వీలుండకపోవచ్చు. నేను వీధిబడి దాటి చదవలేదు. అయితేనేం, మా పంతులు కేకేస్తే కురుస్తున్న వాన టక్కున ఆగి, ఆయన సరేనన్నాక మళ్ళీ మొదలయ్యేది. అలాంటి బడిలో చదివినవాడికి ఒక అలని ఆపడం ఎంత పని? ఆ సంగతి వచ్చినప్పుడు చెబుతాను. ముందు మిక్సీ సంగతి.

మా అన్న కూతురి ఇంట్లో పొద్దు వాలేసరికి మిక్సీ మోగాలి. దాని అత్తగారికి, అంటే నా వియ్యపురాలికి, నోట్లో పళ్ళు లేవు. కట్టుడు పళ్ళు చేయిస్తే "ఎవరి నోరో తెచ్చి నాకు తగిలించినట్టుంది" అని గిన్నెలో పడేసింది. కాబట్టి ఆవిడ తినేదంతా మెత్తగా నూరాలి. పొద్దున నూరింది రాత్రికి పనికిరాదు. "పొద్దుటిది కుక్కకి పెట్టమ్మా" అంటుంది. ఆ ఇంట్లో కుక్క లేదు. లేని కుక్క వంతు అమ్మాయే తింటుంది.

ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పి చేతులు కడుక్కోవడమే తరువాయి, వంటింట్లో రొద మొదలు. మొదట కూర, కాసేపు. తర్వాత అన్నం, చాలాసేపు. చివరికి పండు, చిటికెలో. మధ్యలో మూత తీసి వేలితో నలిపి చూస్తుంది. పలుకు తగిలితే మళ్ళీ తిప్పుతుంది. ఆ మిక్సీ ఆమె కాపురానికి వచ్చినప్పటిది. మోటారులోని కార్బన్ ముక్కలు అరిగిపోయి, తిరిగేటప్పుడు అడుగున నీలం రవ్వలు చిమ్ముతుంది. "కొత్తది కొందామండీ" అంటే "తిరుగుతోందిగా" అంటాడు అల్లుడు. తిరుగుతున్నదాని జోలికి పోకూడదన్నది ఆ ఇంటి ధర్మం. మిక్సీకే కాదు.

నేను ఆ ఇంటికి చేరడానికి కారణం నా కన్ను. శుక్లం తీశాక నలపొద్దన్నారు. వద్దన్నది చేయకపోతే నాకు నిద్రపట్టదు. చీము పట్టి, దూరపు ఊళ్ళో కంటాసుపత్రిలో వారం పడుకోవలసి వచ్చింది. అమ్మాయి సెలవు పెట్టి నా మంచం పక్కనే కూర్చుంది. ఆ వారాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత తన ఇంటికే తీసుకొచ్చింది. రోజూ కళ్ళల్లో చుక్కలు వేసి "కాసేపు తెరవకు బాబాయ్" అంటుంది. ఈ కథంతా ఆ కాసేపట్లలో విన్నదే. కళ్ళు మూసుకున్నవాడి దగ్గర ఆడవాళ్ళు మనసు విప్పుతారు. తెరిచామా, "ఏం లేదులే" అని లేచిపోతారు.

అల్లుడూ అమ్మాయీ ఒకే తరగతిలో చదువుకున్నారు. ఇప్పుడు పనిచేసేదీ ఒకే చోట, ఆకాశాన్ని కనిపెట్టి ఉండే ఆఫీసులో. అతను శాస్త్రవేత్త. ఆమె యంత్రాలు గీసిన గీతలకి గుర్తులు పెట్టే మనిషి, అదీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అసలు ఏముందే పైన అని అడిగితే ఒకరోజు చెప్పింది. మనం పీల్చే గాలికి చాలా పైన అయనావరణమని ఒక పొర ఉందట. పగలంతా ఎండకి అక్కడి గాలి చిట్లి, విద్యుత్తు నిండిన గాలిగా మారుతుందట. దాన్ని ప్లాస్మా అంటారు. పొద్దుగూకాక ఆ పొర అడుగుభాగం పలచబడుతుంది, పైన మాత్రం చిక్కగానే ఉంటుంది.

"బరువు పైనా, తేలిక కిందా ఉంటే ఏమవుతుంది బాబాయ్?"

"సంసారమవుతుంది" అన్నాను.

నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "బుడగ లేస్తుంది. ఉడికే జావలో లేచినట్టు, అడుగున ఉన్న పలచనిది చిక్కనిదాన్ని చీల్చుకుని పైకి పోతుంది. ఉపగ్రహం మాట ఆ బుడగల్లోంచి దిగి వచ్చిందంటే వణికిపోతుంది. ఓడలూ విమానాలూ తామెక్కడున్నామో తెలియక తడబడతాయి. కొన్ని రాత్రులు లేస్తాయి, కొన్ని రాత్రులు లేవవు. ఏ రాత్రి లేస్తాయో ముందుగా చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకూ లేరు."

ఆ చెప్పగలిగే మనిషి తానేనని అల్లుడి నమ్మకం. బుడగ రాత్రి లేచినా, దానికి బీజం సాయంత్రమే పడాలని అతని వాదం. ఆఫీసు యంత్రాల్ని చీకటి పడ్డాకే తిప్పుతారు, సాయంత్రపు ఆకాశంలో ఏమీ ఉండదని అందరూ అనుకుంటారు కాబట్టి. అందుకని అతను ఉపగ్రహం మాట వినే చిన్న రిసీవరు ఒకటి ఇంట్లోనే పెట్టుకున్నాడు. డాబా మీద ఏంటెన్నా. యంత్రం మాత్రం వంటింటికి ఆనుకున్న చిన్న గదిలో. అంతకుముందు ఆ గదిలో అమ్మాయి పుస్తకాలుండేవి. "ఇంట్లో ఉంటే నువ్వు చూసుకుంటావుగా" అన్నాడట. చూసుకుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళి దాన్ని మళ్ళీ మొదలుపెట్టేది ఆమే.

పెట్టిన కొన్నాళ్ళకే దొరికింది అల. పొద్దు వాలే వేళ, రోజూ, తెర మీది గీత మూడుసార్లు వణికేది. మొదట కాసేపు, తర్వాత చాలాసేపు, చివర చిటికెలో. మూడు శిఖరాల సంధ్యా తరంగమని పేరు పెట్టాడు. వ్యాసాలు రాశాడు. దేశాలు తిరిగాడు. అల వచ్చినా బుడగ రాని రాత్రులకి ఇంకేదో పేరు పెట్టాడు. ఆ గీతలన్నిటికీ గుర్తులు పెట్టింది అమ్మాయి. వ్యాసం చివర, యంత్రం అమ్మిన వాళ్ళకి కృతజ్ఞతలు చెప్పాక, "రికార్డుల విషయంలో సాయపడిన నా శ్రీమతికి" అని ఒక ముక్క. పేరు లేదేమని అడిగితే "మనిద్దరిలో ఒకరి పేరుంటే చాలదూ?" అన్నాడట. చాలదని ఎలా చెప్పాలో ఆమెకి తెలియలేదు. ఒక ఇంట్లో ఒకరు తింటే చాలదా అని ఎవరూ అనరు. పేరు దగ్గరకి వచ్చేసరికి మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే కంచం, అదీ అతని ముందే.

ఆఫీసులో సాయంత్రం డ్యూటీ ఖాళీ పడింది. పొద్దు వాలక ముందు నుంచీ యంత్రాల దగ్గర ఉండి ఆకాశాన్ని చూసే పని, పర్మనెంటు ఉద్యోగం. అమ్మాయి దరఖాస్తు పెట్టింది. నెల దాటాక ధైర్యం చేసి డైరెక్టరు గదిలోకి వెళ్ళి అడిగితే, ఆయన ఎంతో ఆప్యాయంగా "మీవారు చెప్పారులేమ్మా, సాయంత్రాలు కుదరదని. ఇల్లు ముఖ్యం కదా" అన్నాడు. "సరేనండీ" అని వచ్చేసింది.

ఆ సరేనండీ ఆమెని రోజుల తరబడి కొరుక్కు తింది. అడిగింది తను. కాగితం మీద సంతకం తనది. జవాబు మొగుడి నోట్లోంచి వచ్చింది. పోనీ అతను అబద్ధమాడాడా అంటే అదీ లేదు, మంట అక్కడే ఉంది. నిజంగానే కుదరవు. అతని తల్లికి నూరాలి కాబట్టి కుదరవు, అతని యంత్రానికి కాపలా ఉండాలి కాబట్టి కుదరవు. కుదరకుండా చేసిన మనిషే వెళ్ళి కుదరదని సాక్ష్యం చెప్పి వచ్చాడు. కాలేజీలో తరంగాల పాఠం ఇతనికి ఎక్కకపోతే మెట్ల మీద కూర్చోబెట్టి తాడు కొస పట్టుకు ఊపి చూపించింది తనే. అప్పుడు "నువ్వు" అనుకునేవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో "మొగుణ్ణి నువ్వంటావేమే, గేదెలు కాసుకునేవాణ్ణి పిలిచినట్టు" అంది అత్తగారు. ఆనాటి నుంచి "మీరు". అతను మాత్రం "నువ్వు" దగ్గరే ఉండిపోయాడు. అంత చిన్న మెట్టు. ఒక్కసారి దిగితే మళ్ళీ ఎక్కడానికి మెట్లే ఉండవని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఆఫీసు మీటింగులో కెటిల్ ఎవరి చేతికి దగ్గరగా పెడతారో ఆమెకి చూడకుండానే తెలుసు. "మీరు పోస్తే రుచే వేరమ్మా" అంటారు. టీ పెట్టింది క్యాంటీన్ వాడు.

సరే, ఆ వారం దగ్గరికి వద్దాం. అమ్మాయి నాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అల్లుడు తల్లిని చెల్లెలింట్లో దింపి, తను ఆఫీసు క్యాంటీన్‌లో తిన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఆ వారమంతా సంధ్యా తరంగం రాలేదు. అల్లుడు హడలిపోలేదు సరికదా, పొంగిపోయాడు. సూర్యుడు ప్రశాంతంగా ఉన్నాడు కాబట్టి అల విశ్రాంతి తీసుకుందని ఇంకో వ్యాసం మొదలుపెట్టాడు. తిరిగొచ్చాక గీతలు చూసి అమ్మాయి భోజనాల దగ్గర మెల్లగా అంది: "ఏవండీ, సరిగ్గా నేను ఊళ్ళో లేని రోజులే కదా అవి?"

అల్లుడు ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి ఆగాడు. "అయితే? నువ్వు లేకపోతే ఆకాశం ఆగిపోతుందా?"

వియ్యపురాలు బోసినోటితో ఇకిలించింది. నాకూ నవ్వొచ్చింది. బాగా అన్నాడు మరి. అమ్మాయి కూడా నవ్వి, మజ్జిగ పోసి, అంట్లు తీసుకుని లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు నా ప్రతాపం. ఒక సాయంత్రం రేడియోలో నాటకం వస్తోంది. ఇన్‌స్పెక్టరు అందర్నీ గదిలో కూర్చోబెట్టి హంతకుడి పేరు చెప్పబోతున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కన బర్రున మిక్సీ. అమ్మాయి దాన్ని తిరగనిచ్చి, పెరట్లో బట్టలు తీయడానికి వెళ్ళింది. చూపున్న ఒంటికన్నుతో గోడ పట్టుకుంటూ వెళ్ళి ప్లగ్గు పీకేశాను. ఆకాశంలో అలని ఆపిన చెయ్యి ఇదే. నేనేదో శాస్త్రం గ్రహించి ఆపానని మీరు అనుకుని ఉంటే ఆ గౌరవం వెనక్కి తీసుకోండి. నాకు కావలసింది హంతకుడు. తీరా వచ్చి కూర్చునేసరికి వాణ్ణి తీసుకుపోయారు కూడా.

మర్నాడు ఆఫీసులో, గుర్తులు పెట్టడానికి ఇంటి రిసీవరు రికార్డు తీసి, ఆ సాయంత్రపు గీత చూసింది అమ్మాయి. రెండో శిఖరం సగంలో తెగిపోయి ఉంది, కత్తితో కోసినట్టు. ఆకాశంలో ఏదీ అలా తెగదు. ఆకాశం చల్లారుతుంది, జారుతుంది, కరుగుతుంది. తెగేది ప్లగ్గు.

సాయంత్రం వచ్చి నా కళ్ళల్లో చుక్కలు వేసి అడిగింది. "బాబాయ్, నిన్న మిక్సీ నువ్వే ఆపావా?"

"ఆపితే?"

"ఏం లేదు. కాసేపు తెరవకు."

తెరవలేదు. అప్పుడు చెప్పింది. మొదటి శిఖరం కూర. రెండోది అన్నం. మూడోది పండు. గోడకి ఇవతల అరిగిపోయిన మిక్సీ, అవతల రిసీవరు. ఆ రవ్వలు చిమ్మినప్పుడల్లా గీత వణుకుతోంది. రోజూ తను మీట మెల్లగా తగ్గించి ఆపుతుంది కాబట్టి శిఖరం వాలుగా దిగేది. దేశాలు తిరిగిన అల, ఆకాశం నుంచి దిగింది కాదు. ఆమె మోచేతి కింద పుట్టింది. చెబుతూ ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, కళ్ళు మూసుకుని ఉన్నానుగా. "ఇన్నేళ్ళూ నేను చేసిన చాకిరీ ఎవరి కళ్ళా పడలేదనుకున్నాను బాబాయ్. పడింది. గీతలు గీసి కొలిచారు కూడా. నేనని మాత్రం తెలియలేదు."

అంతటితో అయిపోలేదు. ఊళ్ళో లేని ఆ వారపు గీతల్ని మళ్ళీ తీసింది. మిక్సీ రొద లేని గీతలు అవే. వాటి అడుగున, కంటికి ఆనీ ఆనకుండా, నెమ్మదిగా సాగే ఒక అల ఉంది. ఏడు సాయంత్రాల్లో రెండింట్లోనే ఉంది. ఆఫీసు యంత్రాల రికార్డు తీసి చూస్తే, ఆ రెండు రాత్రులే బుడగలు లేచాయి. మిగతా రాత్రులు లేవలేదు.

"అయితే నువ్వు కనిపెట్టేశావే!"

"వారం చాలదు. రెండుసార్లు కలిసిందంటే కాకతాళీయం కావచ్చు. ఏడాది చూడాలి. రోజూ సాయంత్రం, చప్పుడు లేని చోట" అంది. "నాకు కావలసింది ఒకటే బాబాయ్, సాయంత్రాలు."

ఆ సాయంత్రాలు అప్పటికే వేరొకరి వాడకంలో ఉన్నాయి. మొగుడికి చెప్పాలని చూసింది. మరుసటి రోజు పై ఆఫీసు నుంచి ఇద్దరు పెద్దలు వస్తున్నారు, సంధ్యా తరంగాన్ని కళ్ళారా చూడడానికి. వాళ్ళు తలూపితే అల్లుడి కింద ఒక పరిశోధన కేంద్రమే లేస్తుంది. అతను చొక్కాలు మార్చి మార్చి అద్దంలో చూసుకుంటున్నాడు.

"ఏవండీ, ఆ అల గురించి ఒక మాట. అది మన మిక్సీ..."

"ఆ, మంచిపని చేశావు గుర్తుచేసి! రేపు సాయంత్రం ఆ మిక్సీ ముట్టుకోకు. పెద్దవాళ్ళ ముందు ఆ రొదేమిటి, పరువు పోతుంది."

ఆమె అతని వంక చూసింది. ఇంకోసారి చెబుదామని నోరు తెరిచింది. "ఈ నీలం చొక్కా ఎలా ఉంది?" అన్నాడు. బాగుందంది.

పెద్దలు వచ్చారు. వెంట డైరెక్టరు గారు. హాల్లో సోఫాలు జరిపి, యంత్రం తెర తెచ్చి బల్ల మీద పెట్టారు. అమ్మాయి టీ ఇచ్చింది. పొద్దు వాలింది. గీత నిద్రపోతున్న పసిపాప ఊపిరిలా నున్నగా పోతోంది. రెండోసారి టీ. అల్లుడు తరంగం పుట్టుక గురించి మొదటి నుంచీ చెప్పాడు. మూడోసారి టీ.

"సిగ్గుపడుతోందేమోనయ్యా, కొత్త మొహాలం కదా" అన్నాడు పెద్దల్లో పొట్టాయన.

లోపలి గదిలోంచి వియ్యపురాలు, "ఏమ్మా, నా ముద్ద ఏ ఊరు పోయింది?"

"కాసేపు ఆగమ్మా!" అని కసిరి, అల్లుడు వంటింట్లోకి వచ్చాడు. నేను తలుపు పక్కనే కుర్చీలో ఉన్నాను. పళ్ళ బిగువున అన్నాడు, "ఏం చేశావు?"

"ఏం చేయలేదు."

"రోజూ వచ్చేది ఇవాళెందుకు రాలేదు మరి?"

"అదే చెబుతున్నాను. ఇవాళ నేనేం చేయలేదు."

అతనికి అర్థం కాలేదు. ఆమె ఉడికిన కూర మిక్సీలో వేసి మూత పెట్టింది. హాల్లోకి వినబడేలా పిలిచింది. "డైరెక్టరు గారూ, గీత చూడండి."

మిక్సీ బర్రుమంది. హాల్లో ఎవరో "అదిగో!" అన్నారు. ఆపింది. గీత పడుకుంది. అన్నం వేసి తిప్పింది. ఈసారి అదిగో అనేవాళ్ళు లేరు. మూత మీద చెయ్యి అలాగే ఉంచి, పరీక్ష హాల్లో పిల్లల్ని చూసే టీచరులా నిలబడి చాలాసేపు తిప్పింది. తర్వాత చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"మొదటిది కూరండీ. రెండోది అన్నం. పండు మిగిలింది, అది కూడా చూస్తారా?"

పొట్టాయన టీ కప్పులోకి చూసుకున్నాడు. అల్లుడి మొహం నీలం చొక్కాకి జోడు కుదిరింది. "ఇప్పుడా, ఇక్కడా..." అంటున్నాడు.

"నిన్న చెప్పబోయాను. నువ్వు వినలేదు" అంది ఆమె. నువ్వు అంది. అత్తగారి మంచం కిర్రుమంది. అమ్మాయి మళ్ళీ డైరెక్టరు వైపు తిరిగింది. "నేను ఊళ్ళో లేని ఒక్క వారం, ఈ ఇంటి మీద ఆకాశం కనబడింది. అసలు అల అందులో ఉంది, చాలా సన్నంగా. నువ్వు లేకపోతే ఆకాశం ఆగిపోతుందా అన్నారు మావారు. ఆగలేదండీ. నేను లేనప్పుడే మొదలైంది. అందుకని ఇకనుంచి సాయంత్రాలు ఇంట్లో ఉండను. నా దరఖాస్తు మీద ఏమడగాలన్నా నన్నడగండి."

"నీకు... కుదురుతుందామ్మా?"

"కుదురుతుంది."

ఆయన "చూద్దాం" అన్నాడు. వెళ్తూ వెళ్తూ పొట్టాయన అల్లుడి భుజం తట్టాడు. "సొంత తప్పుని ఇలా నలుగురి ముందూ బయటపెట్టడానికి గుండె ఉండాలయ్యా. నిజమైన శాస్త్రవేత్త అంటే నువ్వు." అల్లుడు వినయంగా తల వంచుకున్నాడు. అమ్మాయి ఖాళీ కప్పులు ఏరుతోంది.

మర్నాడు పొద్దు వాలక ముందే ఆమె చిన్న గదిలోకి వెళ్ళి, రిసీవరు తీగలు ఊడదీసి, డాబా మీది ఏంటెన్నాతో పాటు దాన్ని పాత దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకుంది. పోస్టు ఇంకా ఇవ్వలేదు కదే అన్నాను. "ఆకాశానికి ఆర్డరు అక్కర్లేదు బాబాయ్. ఆఫీసు డాబా ఖాళీగానే ఉంది" అంది. ఆ పూటకి నా కళ్ళల్లో చుక్కలు ముందే వేసేసింది. నేను కళ్ళు తెరిచేసరికి గుమ్మంలో చెప్పులు లేవు.

సాయంత్రమైంది. అల్లుడు వచ్చాడు. ఇల్లంతా చూశాడు. చొక్కా చేతులు మడిచి, వంటింట్లోకి వెళ్ళి, కూర వేరుగా అన్నం వేరుగా మెత్తగా పట్టి, వేలితో నలిపి చూసి, తల్లి పక్కన కూర్చుని తినిపించి మూతి తుడిచాడు.

ఇందులో నేను కల్పించింది ఆ చివరి ముక్క ఒక్కటే. మిగతాదంతా జరిగిందే, వాన మా పంతులు మాట వినడంతో సహా. అల్లుడు చొక్కా చేతులు మడవలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి, మిక్సీ వంక కొత్త యంత్రాన్ని చూసినట్టు చూసి, నా దగ్గరికి వచ్చి "మామయ్యగారూ, మీకు వచ్చా ఇది పట్టడం?" అన్నాడు. ఒంటికన్ను వాణ్ణి, నాకేం కనబడుతుందన్నాను. చెల్లెలికి ఫోన్ చేస్తానంటూ బయటికి వెళ్ళాడు.

వియ్యపురాలు కాసేపు చూసింది. తర్వాత మంచం దిగి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలో పాలు పోసుకుని, అందులో రొట్టె ముంచుకుని తన చేత్తో తనే తింది. రెండో ముక్క ముంచుతూ అంది, "ఇదీ బాగానే ఉందే."